అబద్ధమైనా అతికినట్టుండాలి



మొన్న వానాకాలంలో ఒక ఆదివారం మా ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. మాది నల్లగొండ, గడియారం సెంటరుకు దగ్గర్లోనే ఇల్లు. చాలా ఏళ్లు జూనియర్ కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వస్తూ ఇద్దరు దోస్తులను వెంట తెచ్చాడు. ఒకరిది పాలమూరులో కొల్లాపూర్ దగ్గర పల్లె, ఇంకొకరిది మర్రిగూడ దిక్కు. ముగ్గురూ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చొని 'పోర్టల్' అనే ఆట పెట్టుకున్నారు. అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీ 2007లో తెచ్చిన ఆట అది. అందులో మన చేతికి తుపాకీ లాంటి పరికరం ఒకటి ఇస్తారు. దాంతో ఒక గోడకు కొడితే అక్కడ గుండ్రంగా ఒక తలుపు తెరుచుకుంటుంది. ఇంకో గోడకు కొడితే రెండో తలుపు. ఇందులో అడుగు పెడితే అందులోంచి బయటికొస్తాం. నడుమ దూరమనేదే ఉండదు.

మావాడు నేల మీద ఒక తలుపు తెరిచాడు. సరిగ్గా దాని నెత్తి మీద, పైకప్పుకు, రెండోది తెరిచాడు. ఒక పెట్టెను ఎత్తి కింది తలుపులో వేశాడు. అది నేలలోకి పోయి పైకప్పులోంచి ఊడిపడింది. పడి మళ్లీ నేలలోకి పోయింది. మళ్లీ పైనుంచి వచ్చింది. ఇక దానికి ఆగడమనేది లేదు, పోను పోను వేగం పెరుగుతున్నది. పిల్లలు కేరింతలు కొట్టారు. కొల్లాపూర్ పిల్లవాడు మాత్రం నవ్వలేదు. కాసేపు కన్నార్పకుండా చూసి, "అరే, దీనికి కరెంటు బిల్లు ఎవడు కడుతున్నడురా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టి వాళ్ల దగ్గరికి పోయి కూర్చున్నాను.

ఆ ప్రశ్న ఆ పిల్లవాడికే ఎందుకు తట్టిందో పాలమూరు శ్రోతలకు నేను చెప్పనక్కర్లేదు. వాళ్ల నాన్న కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ల కింద వరి వేస్తాడు. ఆ పథకంలో నీళ్లు శ్రీశైలం జలాశయం నుంచి ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అని మూడు మెట్లు ఎక్కుతాయి. ఒక్కో మెట్టు దగ్గర అయిదు పంపులు, ఒక్కో పంపు 30 మెగావాట్లు. కృష్ణమ్మ కళ్ల ముందే పారుతున్నా గట్టు మీది చేను బీడు పడిన నేల మనది. నీళ్లు పైకి రావాలంటే ఎవరో ఒకరు మోయాలి. మోటలు కొట్టిన కాలంలో ఎడ్లు మోశాయి, ఇప్పుడు కరెంటు మోస్తున్నది. నీళ్లు వాటంతట అవే మీదికి పోయాయంటే మన ప్రాంతపు రైతుబిడ్డ నమ్మడు. ప్రపంచంలో ఎంతోమంది ఆ ఆటను మెచ్చుకుంటూ అడిగిన ప్రశ్ననే ఈ పిల్లవాడు తన చేను గట్టు మీద నిలబడి అడిగాడు.

కాగితం, పెన్ను తెమ్మన్నాను. మనకు గంటన్నర దారిలో నాగార్జునసాగర్ ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట. దాని కింద పెద్ద విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ మామూలు టర్బైన్ ఒకటి, అటూ ఇటూ తిరిగే టర్బైన్లు ఏడు. ఈ ఏడింటికీ ఒక విశేషం ఉంది. కరెంటు గిరాకీ ఉన్నప్పుడు పైనుంచి నీళ్లు వదిలి కరెంటు తీస్తాయి. గిరాకీ లేని వేళ కరెంటు వాడుకొని కింది నీళ్లను మళ్లీ పైకి తోడగలవు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోనూ ఇలాంటివే ఆరున్నాయి, ఒక్కోటి 150 మెగావాట్లు. వంద మీటర్ల ఎత్తు నుంచి వెయ్యి లీటర్ల నీళ్లు పడితే ఎంత కరెంటు పుడుతుందో లెక్క వేయించాను. పావు యూనిట్ కంటే కొంచెం ఎక్కువ, అంతే! సాగర్‌లో 100 మెగావాట్ల టర్బైన్ ఒకటి పూర్తిగా తిరగాలంటే సెకనుకు లక్ష లీటర్ల పైనే నీళ్లు దూకాలి. తిరిగి పైకి తోడేటప్పుడు కింద పడినప్పుడు వచ్చినదానికంటే ఎక్కువే ఖర్చవుతుంది. నూరు పెడితే డెబ్బయి అయిదో, ఎనభయ్యో చేతికొస్తాయి. మిగిలింది రాపిడికి, వేడికి పోతుంది.

ఇప్పుడు సాగర్ కట్ట కింద ఒక తలుపు, కట్ట మీద ఒక తలుపు తెరిచామనుకోండి. కింద పడిన నీళ్లు కాసింత కూడా ఖర్చు లేకుండా పైకి వచ్చేస్తాయి. టర్బైన్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. ఎగువన వాన పడిందా లేదా అని ఎదురుచూడక్కర్లేదు, జలాశయం ఎండేది లేదు. ప్రకృతిలో ఎక్కడా దొరకని ఉచిత కరెంటు అది. కొల్లాపూర్ పిల్లవాడు వేలు పెట్టింది సరిగ్గా ఈ కంత మీదే.

మా మేనల్లుడు ఊరుకుంటాడా! "మామా, ఆటల లాజిక్ వెతుకుతరా ఎవరన్న?" అన్నాడు. ఈ మాట మనకు బాగా అలవాటైన మాట. సినిమా హాల్లో, టీ కొట్టు దగ్గర, పెళ్లి పందిట్లో, ఎక్కడ కథ గురించి ఎవరు ప్రశ్న వేసినా ఈ ఒక్క మాటతో నోరు మూయిస్తారు. నాకు ఈ మాట అస్సలు నచ్చదు. లాజిక్ వెతికేవాడు కథను ద్వేషించేవాడు కాడు. నచ్చని కథను ఎవరూ అంతసేపు తవ్వరు, లేచి వెళ్లిపోతారు. తవ్వుతున్నాడంటే ఆ లోకంలో ఇంకాసేపు ఉండాలని ఉన్నట్టు.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. అబద్ధమాడినా అతికినట్టుండాలి అన్నారు. అబద్ధం ఆడొద్దని కాదు ఆ మాటకు అర్థం, అతుకు సరిగ్గా పడాలని. వానలు పడకపోతే మన ఊళ్లల్లో విరాటపర్వం చదివించేవారు. చిన్నప్పుడు నేనూ గుడి ముందర కూర్చొని విన్నాను. అందులో ఉత్తర గోగ్రహణం ఘట్టం గుర్తు చేసుకోండి. అర్జునుడు బయటపడగానే దుర్యోధనుడు ఏమంటాడు? పదమూడేళ్లు ఇంకా నిండలేదు, గడువుకు ముందే దొరికిపోయారు, మళ్లీ అడవికి పోవాల్సిందే అంటాడు. అది కథాకాలం మీద వేసిన ప్రశ్న. అప్పుడు భీష్ముడు అధికమాసాల లెక్క తీస్తాడు. అయిదేళ్లకు రెండు అధికమాసాల చొప్పున పదమూడేళ్లలో అయిదు నెలల పైచిలుకు కలిసి వచ్చాయి, గడువు దాటిపోయింది అని చెప్తాడు. ఆ లెక్క ఒప్పుకోవాలా వద్దా అని మా గుడి అరుగు మీద ముసలివాళ్లు తెల్లవారేదాకా వాదించుకునేవారు. వాళ్లను ఎవరూ లాజిక్ వెతకొద్దనలేదు.

సరే, మళ్లీ మా ఇంటికి వస్తాను. ఈ ఆట మీద ఇంకో వాదం ఉంది. ఎన్నో ఏళ్లుగా అభిమానులు తెగకుండా లాగుతున్న వాదం. ఒక పెట్టె బల్ల మీద కదలకుండా ఉంది. పైనుంచి ఒక పలక వేగంగా దిగుతున్నది, ఆ పలకకు ఒక తలుపు తెరిచి ఉంది. రెండో తలుపు పక్క గోడకు ఉంది. పలక వచ్చి పెట్టెను తలుపులో మింగేస్తే, గోడ తలుపులోంచి పెట్టె మెల్లగా జారిపడుతుందా, రివ్వున దూసుకొస్తుందా?

మర్రిగూడ పిల్లవాడు లోపలికి పోయి మా అమ్మ గాజొకటి అడిగి తెచ్చాడు. సుద్దముక్కను బల్ల మీద నిలబెట్టి, గాజును గబుక్కున దాని మీదికి దించాడు. సుద్దముక్క కదల్లేదు, గాజు నడుమ అట్లనే నిలబడి ఉంది. "చూసిండ్రా సార్? పెట్టెకు ఎవరూ దెబ్బ కొట్టలే. మరి అదెందుకు ఎగురుతది?" అన్నాడు. నేను కూడా మొదట అటే మొగ్గాను. అప్పుడు మా మేనల్లుడు గాజు చేతిలోకి తీసుకొని అన్నాడు: "గాజు రెండు మొఖాలు ఒక్కచోటనే ఉన్నయి, రెండూ కలిసే దిగుతున్నయి మామా. మన తలుపుల అట్ల కాదు. ఒక మొఖం దిగుతున్నది, ఇంకో మొఖం గోడకు కదలకుండ ఉన్నది. గోడ దిక్కు నిలబడి చూడు. సెకనుకు ఎంత పొడుగు పెట్టె లోపలికి పోతదో, సెకనుకు అంత పొడుగు ఇటు బయటికి రావాలె గద. బయటికి వస్తున్నదంటే కదులుతున్నట్టే గద."

నేను ఆలోచనలో పడ్డాను. వాడు చెప్పింది నిజం. కదలడం అనేది దేనితో పోల్చి చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుందని ఇన్నేళ్లు పిల్లలకు బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. అదే పాఠాన్ని నా మేనల్లుడు మా అమ్మ గాజుతో నాకు తిప్పి చెప్పాడు. నేను వాడి పక్షానికి మారాను. మర్రిగూడ పిల్లవాడు మాత్రం మారలేదు. అట్లయితే ఆ ఎగిరే బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమన్నాడు. పలకను నెట్టే యంత్రం ఆ భారం మోయాల్సిందే అన్నాడు మావాడు. మళ్లీ కరెంటు బిల్లు దగ్గరికే వచ్చాం. ఆ ఆట చేసినవాళ్లకు కూడా ఈ చిక్కు తెలిసినట్టే ఉంది. కదిలే పలకల మీద దాదాపు ఎక్కడా తలుపు తెరవనివ్వలేదు.

ఇంతవరకు నేను చెప్పింది ఒక రకం చిల్లు. ఆట లోకానికీ మన లోకానికీ మధ్య పడే చిల్లు. నన్నడిగితే దీన్ని క్షమించవచ్చు. దూరం లేని తలుపులు ఉన్నాయి అని మొదట్లోనే చెప్పారు, మనం సరే అన్నాం. ఇంకో రకం ఉంది. దాన్ని మాత్రం క్షమించలేం.

2008లో బెథెస్డా అనే కంపెనీ 'ఫాలౌట్ 3' అనే ఆట తెచ్చింది. కథ 2277లో జరుగుతుంది. అణుయుద్ధంలో వాషింగ్టన్ నగరం శిథిలమైపోయింది. ఎక్కడ చూసినా నీళ్లల్లో అణుధార్మికత. కథానాయకుడి తండ్రి, ఒక శాస్త్రవేత్త, ఆ నీళ్లను శుభ్రం చేసే పెద్ద యంత్రం తయారుచేయాలనుకుంటాడు. మర్రిగూడ పిల్లవాడికి ఈ ఆటంటే ప్రాణం. ఎందుకో నాకు వాడు చెప్పక ముందే అర్థమైంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో పుట్టినవాళ్లకు తాగే నీళ్లే ఎముకలను వంచేయడం అంటే ఏమిటో కథల్లో చదవాల్సిన పని లేదు. వాళ్ల తాత నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాడట. ఫ్లోరైడు పీడించిన ఊరి పిల్లవాడు, నీళ్లు బాగుచేసే కథలో హీరోగా ఆడుకుంటున్నాడు.

అందుకే వాడి మొదటి ప్రశ్న సూటిగా ఉంది. "యంత్రం నీళ్లను శుభ్రం చేసింది, మంచిదే. మరి ఆ విషం ఎటు పోయింది సార్?" నిజమే కదా. నీళ్లల్లో కరిగిన ఫ్లోరైడు కాచినా పోదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లల్లో ఇంకా చిక్కబడుతుంది. అణుధార్మిక పదార్థాలదీ అదే కథ, కాచితే మాయమయ్యేవి కావవి. మన జిల్లా పేరుతో ప్రపంచంలో ఒక పద్ధతి ఉంది, నల్లగొండ టెక్నిక్ అంటారు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. నీళ్లల్లో పటిక, సున్నం కొలత ప్రకారం కలిపి తిప్పుతారు. తెల్లటి తుట్టెలు కట్టి, ఫ్లోరైడును పట్టుకొని అడుగున పేరుకుంటాయి. పైన తేరిన నీళ్లు వంచుకుంటారు. టాంజానియా, ఇథియోపియా దాకా పోయిన పద్ధతి ఇది. కాని అడుగున మడ్డి మిగులుతుంది. విషం ఎటూ పోలేదు, ఆ మడ్డిలో ఉంది. దాన్ని జాగ్రత్తగా ఎక్కడో పారబోయాలి. ఆటలో ఆ మడ్డి ఏమైందో ఎక్కడా చూపించరు.

అయినా ఈ తప్పును కూడా వాడు క్షమించాడు. వాడికి కోపం తెప్పించింది ముగింపు. చివరి ఘట్టంలో ఆ యంత్రాన్ని నడపాలంటే ఎవరో ఒకరు అణుధార్మికత నిండిన గదిలోకి పోవాలి, పోయినవాళ్లు చచ్చిపోతారు. అప్పుడు మన వెంట ఫాక్స్ అనే మిత్రుడు ఉండవచ్చు. అతనికి ఆ ధార్మికత అంటదు. అంతకు ముందే ఒకచోట, అలాంటి గదిలోకే పోయి మనకు కావాల్సిన పరికరం తెచ్చిపెట్టాడు కూడా. ఇప్పుడు నువ్వు పో అంటే మాత్రం పోనంటాడు, ఇది నీ రాత అన్నట్టు మాట్లాడతాడు. హీరో త్యాగం చేయాలని కథ రాసినవాళ్లు ముందే అనుకున్నారు. అందుకోసం తామే రాసిన మాటను తామే మరిచిపోయారు.

ఆడేవాళ్లు ఊరుకోలేదు. దేశదేశాల్లో గోల చేశారు. 2009లో కంపెనీ 'బ్రోకెన్ స్టీల్' అని అదనపు భాగం విడుదల చేసి, ఆ మిత్రుణ్ణి లోపలికి పంపే వీలు కల్పించింది. కథను అక్కడితో ఆపకుండా ముందుకు కూడా నడిపించింది. వాదన వల్ల కథ మారింది. బుర్రకథ చెప్పేవాడు ఊరూరా తిరుగుతూ, విన్నవాళ్లు అడిగిన ప్రశ్నలను బట్టి కథను సరిదిద్దుకుంటూ పోయినట్టే ఇది కూడా.

మధ్యాహ్నం అన్నాలు తింటుంటే మాట 'కల్కి 2898 ఏడీ' మీదికి మళ్లింది. 2024 జూన్ 27న వచ్చిన సినిమా. దర్శకుడు నాగ్ అశ్విన్ కుటుంబం మూలాలు మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఉన్నాయని కొల్లాపూర్ పిల్లవాడికి మహా గర్వం. ఆ గర్వంతోనే లెక్క తప్పు పట్టాడు. క్రీస్తుపూర్వం 3102 నుంచి క్రీస్తుశకం 2898 దాకా ఆరువేల ఏళ్లు అని పేరు పెట్టారు. కూడితే ఆరువేలే. కాని క్రీస్తుపూర్వం 1 తర్వాత వెంటనే క్రీస్తుశకం 1 వస్తుంది, నడుమ సున్నా సంవత్సరం లేదు. అంటే ఒక ఏడు తక్కువ. దీనికి మన ఆర్యభటుడే సాక్షి. కలియుగంలో 3600 ఏళ్లు గడిచేసరికి తనకు ఇరవై మూడేళ్లని ఆయన రాసుకున్నాడు. అది క్రీస్తుశకం 499. 3600లోంచి 3101 తీసేస్తేనే 499 వస్తుంది. ఆ ప్రకారం ఆరువేల ఏళ్లు నిండేది 2899లో. ఇంకో సంగతి, సంప్రదాయం ప్రకారం 3102 అనేది కలి మొదలైన ఏడు. కురుక్షేత్ర యుద్ధం అంతకు 36 ఏళ్ల ముందే అయిపోయింది. కురుక్షేత్రం నుంచి లెక్కపెడితే మళ్లీ తేడా వస్తుంది. పైగా కలియుగం మొత్తం 4,32,000 ఏళ్లు కదా, ఆరువేలకే కల్కి ఎట్లా వస్తాడు అని మా అమ్మ వంటింట్లోంచి అడిగింది. ఆమె వయసు ఎనభై దాటింది. కంప్యూటర్ ఆటలు ఆమెకు తెలియవు, యుగాల లెక్క మాత్రం నోటికి వచ్చు. పిల్లలు ముగ్గురూ చేతులు కడుక్కొని ఆమె దగ్గరికి పోయి కూర్చున్నారు.

సాయంత్రం అయ్యేసరికి ముగ్గురూ సొంతంగా ఒక ఆట చేయాలన్న నిర్ణయానికి వచ్చారు. కథ మర్రిగూడ దగ్గర ఒక ఊళ్లో జరుగుతుంది. వంద మీటర్ల లోతు బోరు. కింద నీళ్ల దగ్గర ఒక తలుపు, ఇంటి వాకిట్లో ఒక తలుపు. కాని ఈ తలుపులు ఊరికే తెరుచుకోవు. నీళ్లను పైకి తేవడానికి ఎంత శక్తి పడుతుందో, అంతా తలుపు తెరిచినవాడి ఒంట్లోంచి పోవాలి. అది వాళ్లు పెట్టుకున్న నియమం. ఆట అయిపోయేదాకా ఎక్కడా తప్పకూడదని ముగ్గురూ ఒట్టు వేసుకున్నారు.

మరి ఒక బిందెకు ఎంత పోతుంది? పదిహేను లీటర్ల బిందె, వంద మీటర్ల లోతు. లెక్క నన్నే వేయమన్నారు. మూడున్నర కిలోకేలరీలు వచ్చింది. ఒక గ్రాము బియ్యంలో ఉండే శక్తి దాదాపు అంతే. మన ఒళ్లు తిన్నదాంట్లో నాలుగో వంతే కష్టంగా మార్చగలదు కనుక నాలుగు గ్రాములు అనుకోవాలి. కొల్లాపూర్ పిల్లవాడు నమ్మలేదు. లోపలికి పోయి అమ్మను అడిగి దోసిట్లో బియ్యం తెచ్చి బల్ల మీద పోశాడు. గ్రాముకు పదుల కొద్దీ గింజలుంటాయి. లైటు వేసి, ముగ్గురూ తలలు ఆనించి, ఒక బిందె నీళ్లకు పోయే గింజలను ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టారు.